పీచు మరలో వదిలేసి, పొడి అంగట్లో కొంటున్నాం

మా దగ్గర కొర్రలు తీసుకునేవాళ్లు తరచుగా అడిగేవి రెండు. ఒకటి, "ఇంకొంచెం తెల్లగా ఆడించి ఇవ్వకూడదా అన్నా?" అని. రెండోది, "మలబద్ధకానికి మీ వైపు ఏదన్నా మంచి ఆకు పొడి దొరుకుతుందా?" అని. చాలాసార్లు ఈ రెండు ప్రశ్నలూ ఒకే ఇంటి నుంచి వస్తాయి. అందుకే పొడుగైనా ఈ పోస్టు రాస్తున్నా. ఓపిగ్గా చదవండి.

కొర్ర గింజ మీద గట్టి పొట్టు ఉంటుంది. అది మనిషి తినేది కాదు, మరలో తీసేయాల్సిందే. దాని కింద గింజను అంటుకుని పలచని పొర ఉంటుంది. అదే తవుడు. పీచు ఎక్కువగా ఉండేది అందులోనే. రెండోసారి, మూడోసారి పాలిష్ పట్టిస్తే ఆ పొర పోయి గింజ తెల్లబడుతుంది. తవుడులో నూనె ఉంటుంది కాబట్టి, అది ఉన్న కొర్రలు ఎక్కువ కాలం నిలవ ఉండవు, ముక్కవాసన వస్తాయి. అంగడివాళ్లు పాలిష్ కావాలనేది అందుకే. మేం మాత్రం నెలకు సరిపడా అంతే ఆడిస్తాం. పాలిష్ పట్టిస్తే ఆ తవుడు బర్రెలకు పోతుంది. బర్రెలకు మలబద్ధకం లేదు, మనకే ఉంది.

లెక్క చూడండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల తెల్ల బియ్యంలో పీచు 3 గ్రాములు కూడా లేదు. అదే జొన్నల్లో సుమారు 10, రాగుల్లో 11 గ్రాములు. మనిషికి రోజుకు కావాల్సింది 25 నుంచి 30 గ్రాములు. మూడు పూటలా తెల్లన్నం, పలచని చారుతో అంత ఎక్కడి నుంచి వస్తుంది?

పీచు అరగదు. అరగకపోవడమే దాని పని. ఒక రకం పీచు నీళ్లు పట్టుకుని మలాన్ని మెత్తగా, బరువుగా చేసి ముందుకు నడుపుతుంది. ఇంకో రకం కడుపులో జిగురుగా మారి, రక్తంలోకి చక్కెర ఎక్కే వేగం తగ్గిస్తుంది, చెడు కొలెస్ట్రాల్‌ను కొంత దించుతుంది. మెంతుల్లో, ఓట్స్‌లో ఉండేది ఇదే. మిగిలింది పెద్దపేగులోని సూక్ష్మజీవులకు మేత. రైతులకు ఇది వేరే చెప్పక్కర్లేదు. చేలో పెంటఎరువు వేస్తే నేలలో జీవం ఎట్లా నిలుస్తుందో, ఇదీ అట్లాగే.

ఇక ఆకు పొడుల సంగతి. మా నాయనకు 68 ఏళ్లు. రెండేళ్ల పాటు రోజూ రాత్రి ఏదో పొడి వేసుకునేవాడు. మొదట ఒక స్పూను, తర్వాత రెండు. వద్దంటే "చెట్టు మందే కదరా, ఏమీ కాదులే" అనేవాడు. పోయిన వేసవిలో పిక్కలు పట్టేయడం, నీరసం మొదలైంది. డాక్టరు వాడేవన్నీ తెమ్మన్నాడు. పొడి డబ్బా మీద మొదటి పేరు సునాముఖి, అదే నేలతంగేడు. రక్తపరీక్షలో పొటాషియం బాగా తగ్గింది. నాయన వేసుకునే బీపీ మాత్ర మూత్రం ఎక్కువ పోయేలా చేసే రకం. ఆ మాత్రా, ఈ పొడీ రెండూ పొటాషియాన్ని బయటికి పంపేవే. డాక్టరు మాత్ర మార్చి, పొడిని మెల్లమెల్లగా మాన్పించాడు.

సునాముఖి చెడ్డదని నేననను. అది నిజంగానే మందు, పెద్దపేగు కండరాలను కదిలించి 6 నుంచి 12 గంటల్లో పని చేస్తుంది. మందు కాబట్టే అన్నంలా రోజూ తినకూడదు. వారానికి మించి వాడాలంటే డాక్టర్ని అడగాల్సిందే. ఇసబ్‌గోల్ వేరు. అది గింజ పైపొట్టు, అంటే పీచే. కానీ పెద్ద గ్లాసుడు నీళ్లతో తాగాలి, లేకపోతే గొంతులో ఉబ్బి అడ్డం పడుతుంది. మిగతా మాత్రలకూ దానికీ రెండు గంటలైనా ఎడం ఉండాలి.

ఇప్పుడు నాయన ఒక పూట కొర్రన్నం, ఒక పూట జొన్నరొట్టె తింటున్నాడు. గోరుచిక్కుడో, ఏదో ఒక ఆకుకూరో రోజూ ఉంటుంది. నీళ్లు కూడా బాగా తాగుతున్నాడు. మొదటి వారం కడుపు ఉబ్బరించింది. పీచు ఒకేసారి పెంచితే అట్లాగే అవుతుంది, అందుకే కొంచెం కొంచెం పెంచుకోండి.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తా. 50 దాటాక ఉన్నట్టుండి మలవిసర్జన పద్ధతి మారినా, రక్తం పడినా, బరువు తగ్గుతున్నా కొర్రలూ వద్దు, పొడులూ వద్దు. ముందు డాక్టరు దగ్గరికి పోండి.

తెల్ల కొర్రలు అడిగినవాళ్లు ఏమీ అనుకోవద్దు, మా దగ్గర ఈ రంగువే ఉంటాయి. రాత్రే నానబెట్టుకుంటే పొద్దున అన్నం మెత్తగా ఉడుకుతుంది.