ఆవిలాలో నీటి దారులు

మాడ్రిడ్‌లోని చమార్తిన్ స్టేషన్‌లో ఎక్కిన రైలు ఎల్ ఎస్కోరియల్ దాటాక కొండ ఎక్కడం మొదలుపెట్టింది. కిటికీ బయట పొట్టి ఓక్ చెట్లు, వాటి మధ్య ఇళ్లంతేసి గ్రానైట్ బండలు. ఆవిలా సముద్రమట్టానికి దాదాపు 1,130 మీటర్ల ఎత్తున ఉంది. ఏప్రిల్‌లోనూ గాలి చెవులు కోసేస్తోంది. ఊరిని చుట్టి రెండున్నర కిలోమీటర్ల కోటగోడ, దానికి తొమ్మిది ద్వారాలు. వచ్చినవాళ్లంతా ముందు గోడ ఎక్కుతున్నారు. నేను గోడ దాటి ఉత్తరాన దిగువకు నడిచాను. ఎన్‌కర్నాసియోన్ మఠం అటే ఉంది.

తెలుగు కతోలికులు ఆవిలాపురి తెరేజమ్మ అని తలుచుకునే తెరెసా 1535లో, ఇరవయ్యేళ్ల వయసులో, ఇక్కడ చేరారు. మఠంలో కన్యస్త్రీలు ఇప్పటికీ ఉన్నారు. కొంత భాగం మాత్రం యాత్రికులకు తెరిచి ఉంచారు. ఆమె తలగడగా పెట్టుకున్నారని చెప్పే చెక్క మొద్దు దగ్గర జనం ఎక్కువ. నా మనసు ఇంకో సంగతి మీద ఉంది. ఈ గోడల మధ్యే ఆమె ఏళ్ల తరబడి ప్రార్థన కుదరక అల్లాడిపోయారు. చేతిలో పుస్తకం లేకపోతే ధ్యానంలోకి వెళ్లలేకపోయేవారు. గంట ఎప్పుడు పూర్తవుతుందా అని ఎదురుచూసిన రోజులూ ఉన్నాయి. ఆత్మకథలో ఆమే రాసుకున్నారు. మౌన ప్రార్థనకు గురువని క్రైస్తవ లోకమంతా ఎంచే మనిషి ఇలా చెప్పడం, కూర్చోగానే మనసు పరుగులు తీసే నాలాంటి వాళ్లకు కొండంత ధైర్యం.

ఆ ఆత్మకథలోనే తోట ఉపమానం ఉంది. ఆత్మ ఒక తోట, దానికి నీళ్లు నాలుగు విధాలుగా అందుతాయి. మొదటిది బావిలోంచి చేదిపోయడం. చేతులు నొప్పి పుడతాయి, ఒక్కోసారి బావిలో చుక్క ఉండదు. రెండోది చక్రం తిప్పి తోడడం: శ్రమ తక్కువ, నీళ్లు ఎక్కువ. నిశ్చల ప్రార్థన ఇక్కడ మొదలవుతుందంటారామె. మూడోది ఏరు తోటలోకి పారడం. నాలుగోది వాన. వాన పడుతుంటే తోటమాలికి పని లేదు. కస్తీల్ మెట్ట నేల. వాన విలువ తెలిసిన మనిషి రాసిన మాటలివి. వానను రప్పించే ఉపాయం ఏదీ ఆమె చెప్పలేదు. బావి దగ్గర నిలబడమన్నారు, ఎండిపోయినా సరే.

ఈ మఠం పక్కనే ఒక చిన్న ఇంట్లో సిలువ యోహాను 1572 నుంచి కన్యస్త్రీలకు పాపసంకీర్తన గురువుగా ఉండేవారు. తెరెసా ‘అంతరంగ దుర్గం’ రాయడం ముగించింది 1577 నవంబరు 29న. అది జరిగిన మూడు నాలుగు రోజులకే, తెరెసా, యోహాను తమ సన్యాస సభలో చేపట్టిన సంస్కరణను వ్యతిరేకించిన సొంత సభవాళ్లే ఆయనను రాత్రివేళ పట్టుకుపోయి తొలేదోలో చీకటి గదిలో పెట్టారు. తొమ్మిది నెలల తర్వాత ఆయన తప్పించుకున్నారు. ఆయన బోధించిన నిశ్చలత సుఖంగా కూర్చున్నవాడి ఊహ కాదని తెలియడానికే ఈ సంగతి చెబుతున్నాను.

తర్వాత బస్సులో సెగోవియా వెళ్లాను. యోహాను సమాధి అక్కడ, కోట కింది లోయలో ఉంది. కానీ నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది ఊరి నడుమ ఉన్న రోమన్ల నీటి వంతెన. అంతరంగ దుర్గంలో తెరెసా రెండు తొట్ల గురించి రాశారు. ఒకదానికి నీళ్లు ఎక్కడినుంచో, కాలువల మీదుగా, నానా హడావుడితో వస్తాయి. రెండోదాన్ని ఊట మీదే కట్టారు. అది చప్పుడు లేకుండా నిండుతుంది. మొదటిది మన ఆలోచనలతో చేసే ధ్యానం, రెండోది దేవుడు ఇచ్చేది. 1574లో ఆమె సెగోవియాలో మఠం స్థాపించారు. ఈ వంతెనను చూసే ఉంటారు. దీన్ని కట్టడానికి ఎంత రాయి, ఎంతమంది చెమట పట్టిందో ఊహించుకుంటూ నిలబడితే ఆ పోలిక నాకు బాగా అర్థమైంది.

అయితే ఎప్పుడు తోడడం ఆపాలి? యోహాను మూడు గుర్తులు చెప్పారు. ధ్యానించబోతే మనసు కదలదు. లోకవిషయాల మీదా ఆసక్తి ఉండదు. దేవునిపై ప్రేమతో ఊరికే ఉండిపోవాలనిపిస్తుంది. మూడూ కలిసి ఉంటేనే ఆపాలి. మొదటిది ఒక్కటే ఉంటే అది బద్ధకం కావచ్చు, దిగులు కావచ్చు.

ఆ జాగ్రత్త ఎంత అవసరమో వందేళ్ల తర్వాత తెలిసింది. రోములో ఉన్న స్పెయిన్ గురువు మిగేల్ దె మోలినోస్ 1675లో ‘ఆధ్యాత్మిక మార్గదర్శి’ ప్రచురించారు. ఆత్మ ఏమీ చేయకూడదు, ఏమీ కోరకూడదు, శోధనను ఎదిరించనూ కూడదు అని బోధించారంటూ 1687లో పదకొండవ ఇన్నోసెంట్ పోపు ఆయన పేరిట 68 ప్రతిపాదనలను ఖండించారు. మోలినోస్ 1696లో చెరలోనే చనిపోయారు. శిక్ష కఠినమైనదే. కానీ ఆ ప్రతిపాదనల్లో చెప్పిన ఖాళీతనానికీ తెరెసా వానకూ పోలిక లేదు. వానకు తోట పూయాలి, కాయాలి. ఎవరికీ ఏమీ చేయకుండా ఉండిపోవడాన్ని ఆమె ఎన్నడూ ప్రార్థన అనలేదు. ఇరవయ్యేళ్లలో బండ్ల మీద, జ్వరాల మధ్య తిరిగి 17 మఠాలు నిలబెట్టిన మనిషి ఆమె. మొదటిది సాన్ హోసే, 1562లో, ఆవిలా గోడకు కాస్త బయట. అక్కడి గుడిలో కాసేపు కూర్చున్నాను.

ఆవిలా వెళ్లేవారికి ఒక్క మాట. గోడ తర్వాత ఎక్కవచ్చు, ముందు ఈ రెండు మఠాలూ చూడండి. బయల్దేరే ముందు తెరెసా ఆత్మకథలో 11 నుంచి 22 దాకా అధ్యాయాలు చదవండి. నాలుగు నీళ్ల సంగతంతా అక్కడే ఉంది.