ముందునకు సాగని సైకిలు

ఏ విద్యకైనను తొలిమెట్లు శీఘ్రముగా నెక్కవచ్చును. సంగీతము నేర్చు బాలికకు సరళీస్వరములు కొలది మాసములలో పట్టుబడును. పిమ్మట నొకచోట నెంత సాధకము చేసినను గొంతు మెరుగుపడదు. వ్యాయామమునందును ఇట్టి ఘట్టము కలదు. దానిని మేము సైకిలుమీద చూచితిమి. ఇల్లు చక్కబెట్టుకొనుచు వ్యాయామము చేయు సోదరీమణులకు మా యనుభవ ముపకరింపవచ్చునని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఈత, సైకిలు, పరుగు – ఈ మూడింటిని వెంటవెంటనే ముగించు పందెమునకు ట్రయాత్లాన్ అని పేరు. ఇది 1974వ సంవత్సరమున అమెరికాలోని సాన్ డియాగో నగరమున మొదలయ్యెను. 1979లో హవాయి దీవులలో జరిగిన సుదీర్ఘమైన పందెములో లిన్ లెమేర్ అను వనిత యొక్కతెయే స్త్రీ. ఆమె యందరిలో నైదవ స్థానమున గమ్యము చేరెను. 2000లో సిడ్నీ ఒలింపిక్ క్రీడలయందు స్త్రీలకును పురుషులకును ఒక్కసారియే ఈ పందెము ప్రవేశపెట్టబడెను. అందలి దూరములు 1.5 కిలోమీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిలు, 10 కిలోమీటర్ల పరుగు. మేము పూనుకొన్నది ఇందులో సగము పందెమునకు.

విశాఖపట్టణపు సముద్రతీరముననున్న బాటమీద తెల్లవారకమున్నే సైకిలు తొక్కుట మా వాడుక. మొదట 20 కిలోమీటర్లకు మాకు 70 నిమిషములు పట్టెడిది. నాలుగు మాసములలో నది 56 నిమిషములకు దిగెను. అటుపిమ్మట రెండు మాసములు గడచినను ఒక్క నిమిషమైనను తగ్గలేదు. ఈతలో నేర్పు కుదురుకొలది వేగము పెరుగుచునే యుండెను. సైకిలు మాత్రము నిలిచినచోటనే నిలిచెను. ఇది చూచి మా యత్తగారు, “నలుబదియేండ్లు దాటినవి గదమ్మా, కాళ్లను కొంచెము విశ్రమింపనీయరాదా?” అనిరి. ఆ మాట ప్రేమతో ననినదే యైనను మమ్ము కలచివేసెను. దినమున కిరువదినాలుగు గంటలలో మాదని చెప్పుకొనదగినది ఆ యొక్క గంటయే. ఫలము కానరాని పనికి ఇంటిలో గంటసేపు కేటాయించుకొనుట ఎంత కష్టమో చదువరులకు తెలియనిది కాదు.

దేహము పొదుపరియగు ఇల్లాలివంటిది. నిత్యము భోజనమునకు వచ్చువారు ఐదుగురేయని తెలిసిన పిమ్మట ఆమె ఆరవ మనిషికి బియ్యము పోయదు. ఒకే బాట, ఒకే దూరము, ఒకే వేగము అలవడిన పిమ్మట గుండెయు కండరములును అట్లే, ఉన్న బలముతోనే పని జరుపుకొనును. 1996లో జపాను శాస్త్రజ్ఞుడు ఇజుమి తబాతా ప్రకటించిన పరిశోధన ఈ సందర్భమున స్మరింపదగినది. ఆరు వారములపాటు ఒక జట్టువారు కదలని సైకిలుపై దినమున కొక గంట మధ్యమ వేగమున తొక్కిరి. రెండవ జట్టువారు వారములో నెక్కువ దినములు 20 సెకండ్లు తీవ్రముగా తొక్కి 10 సెకండ్లు ఆగుచు, ఏడెనిమిది మారులతో ముగించిరి. ప్రాణవాయువును వినియోగించుకొను శక్తి రెండు జట్లకును పెరిగెను. స్వల్పకాలపు తీవ్రశ్రమకు వలయు శక్తి మాత్రము రెండవవారికే పెరిగెను.

పడుచువారు చేసిన యంత తీవ్రశ్రమను మేము తలపెట్టలేదు. బుధవారమున కైలాసగిరి యెత్తుమీద నాలుగు నిమిషములు గట్టిగా తొక్కి, నాలుగు నిమిషములు మెల్లగా దిగుచు, ఇట్లు నాలుగు మారులు చేసితిమి. ఆదివారమున మాటలాడుటకు వీలగునంత నిదానముగా రెండు గంటలు తొక్కితిమి. పరుగులో నొక దినము తగ్గించితిమి. ఏలన, ఈతకు భుజములు, పరుగునకు కాళ్లు వేరైనను, గుండె యొక్కటే, రక్త మొక్కటే, నిద్ర యొక్కటే. మూడు క్రీడల అలసటయు ఆ యొక్క పద్దుననే చేరును. ఇంటిచాకిరి యలసటయు నందే చేరును. గురువారమున తేలికపాటి యీత, శనివారమున పూర్తి విశ్రాంతి. నాలుగవ వారమెల్ల శ్రమను మూడవవంతు తగ్గించితిమి. శ్రమచే నలసిన కండరము బలపడునది విశ్రాంతివేళనే గాని శ్రమవేళ కాదు.

ఇంతకంటె ముఖ్యమైన మాట యొకటి కలదు. క్రొత్త యేర్పాటునకు ముందు మేము వైద్యురాలిని చూడగా ఆమె రక్తపరీక్ష చేయించిరి. హిమోగ్లోబిను 100 మిల్లీలీటర్లకు 10.8 గ్రాములు మాత్రమే యుండెను. గర్భిణులు కాని స్త్రీలకు 12కు తగ్గినయెడల రక్తహీనత యందురు. ప్రాణవాయువును కండరములకు మోయునది ఈ పదార్థమే గనుక, ఇది కొరవడినప్పుడు ఎంత తొక్కినను ప్రయోజన మల్పము. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్లలోపు భారతస్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నట్లు తేలెను. వైద్యురాలు ఇనుము మాత్రలు వ్రాసి, వానిని నిమ్మరసముతో పుచ్చుకొమ్మనియు, భోజనము చేసిన వెంటనే టీ త్రాగవలదనియు చెప్పిరి. శ్రమకు తగిన యాహారము లేనిచో ఋతుక్రమము తప్పుననియు, ఎముకలు బలహీనమగుననియు 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘమువారు కూడ హెచ్చరించిరి. అందరును భుజించిన పిదప మిగిలినది తిను ఆచారము మన యిండ్లలో నేటికిని కలదు. వ్యాయామము చేయు స్త్రీకి అది తగదు. ఇల్లు చేరిన గంటలోపుననే గ్రుడ్లో, పప్పో, పెరుగో అన్నముతోపాటు కడుపునిండ తినవలెను.

పండ్రెండు వారములకు మా 20 కిలోమీటర్లు 52 నిమిషములకు దిగెను. ఇందు కొండ పాలెంత, ఇనుము పాలెంత, విశ్రాంతి పాలెంత యని విడదీసి చెప్ప వీలులేదు. మా యత్తగారు మాత్రము తమ అభిప్రాయమును క్రియచేతనే చూపుచున్నారు. మేము తిరిగి వచ్చుసరికి మా పళ్లెము ముందుగా వడ్డించి యుంచుచున్నారు.

సోదరీమణులారా! మీ యభ్యాసము ఒకచోట నిలిచిపోయినచో వయస్సును నిందింపకుడు, శ్రమను రెట్టింపకుడు. ముందుగా రక్తపరీక్ష చేయించుకొనుడు. తిండిని, నిద్రను విచారించుకొనుడు. తరువాత పని తీరును మార్చుడు. మీదియగు ఆ గంటను మాత్రము విడువకుడు.