బీమారీ లేకుండా దవాఖానాకెందుకు?

మా అమ్మీ లెక్కలో దవాఖానా అంటే బుఖార్ వస్తే పోయే చోటు. 5 ఏళ్లు నిండిన బిటియాకు డీపీటీ బూస్టర్ వేయిద్దామని బయల్దేరితే, "పిల్ల మాషా అల్లా గులాబీలా ఉంది. బీమారీ లేకుండా సుయీ ఎందుకు బేటా?" అంది.

నేను మాత్రం ఏం తక్కువ? అఖ్బార్‌లో టీకాల గురించి ఎన్ని వార్తలు రాశానో. సొంత బిడ్డ కార్డు ఏడాదిన్నర వయసులో వేసిన ఎంఆర్ రెండో డోసు దగ్గరే ఆగిపోయింది. అల్మారాలో మా నికాహ్‌నామా పక్కన భద్రంగా ఉంది!

డాక్టరమ్మ సుయీ వెంటనే వేయలేదు. బరువు తూచింది, ఎత్తు కొలిచింది. అంతా ఖైరియత్. తర్వాత పిల్ల ఎడమ కన్ను మూసి గోడమీది బొమ్మలు చెప్పమంది. టకటకా చెప్పింది. కుడి కన్ను మూసేసరికి నసుగుతూ ఆమె చెయ్యి తోసేసింది. మళ్లీ మూసినా అంతే.

కళ్ల డాక్టర్ దగ్గర తేలింది, లేజీ ఐ అని. ఎడమ కంటికి పవర్ చాలా ఎక్కువ. మసక బొమ్మ పంపే కంటిని దిమాగ్ పక్కన పెట్టేస్తుందట. మంచి కన్ను పని నడిపించేస్తుంది గనుక పిల్లకూ తెలియదు, మనకూ తెలియదు. నొప్పి లేదు, ఎరుపు లేదు. 7, 8 ఏళ్లలోపు పట్టుకుంటే ఇలాజ్ బాగా పనిచేస్తుందన్నారు. చష్మా పెట్టాలి, రోజూ కొన్ని గంటలు మంచి కంటికి పట్టీ వేయాలి.

మెట్ల మీద పిల్ల తడబడినప్పుడల్లా అమ్మీ మిరపకాయలతో నజర్ తీసేది. "దేఖ్ కే చల్" అని అరిచింది మాత్రం నేనే.

"ఆడపిల్లకు చష్మానా? రేపు రిష్తాలెలా వస్తాయి?" అంది అమ్మీ. నా బీవీ నెమ్మదిగా, "అమ్మీ, మోతియా ఆపరేషన్‌కు ముందు ఖురాన్ అక్షరాలు కనబడక మీరెంత ఏడ్చారు?" అంది. అమ్మీ ఇంకేం మాట్లాడలేదు. మర్నాటి నుంచి పట్టీ వేసే పని తనే తీసుకుంది. పిల్ల పీకేయకుండా యూసుఫ్ అలైహిస్సలాం ఖిస్సా చెబుతుంది, రోజూ కొంచెం.

మూడు నెలల తర్వాత పోయినవారం చూపించాం. ఆ కంటితో చార్టులో ఇంకో రెండు వరసలు చదివింది.

పెద్దోడికి ఈ నెల 10 నిండుతాయి. టీడీ సుయీ వేయించి, వాడి కళ్లూ చూపించాలి. జుమా నుంచి వాడి కార్డు కోసం అల్మారా అంతా వెతుకుతున్నాను. ఇంకా దొరకలేదు.