గుళ్లకు నెంబర్లేశారు... ఇళ్లు బండెక్కాయి!

ఇల్లు మారడం ఇప్పుడు మనకు పెద్ద పనేం కాదు. ఫోన్ చేస్తే ప్యాకర్స్ వాళ్లు వస్తారు. అట్టపెట్టెలు, టేపులు, గోనెసంచులు వాళ్లే తెచ్చుకుంటారు. ఫ్రిజ్‌కి దుప్పటి చుట్టి, గిన్నెల పెట్టె మీద ‘కిచెన్’ అని రాసి, సాయంత్రానికల్లా కొత్తింట్లో దించేస్తారు. పాత చీపురు వెంట తెచ్చుకోకూడదని బామ్మ గుర్తుచేస్తుంది. ముహూర్తం చూసుకుని పాలు పొంగిస్తే సరి!

మరి సర్దాల్సింది గుడి అయితే? ఇల్లొక్కటే కాదు, ఊరు ఊరంతా మూట కట్టాల్సి వస్తే?

కృష్ణ ఒడ్డున అలాంటి సర్దుడు ఒకటి జరిగింది. దాని ఆనవాళ్లు ఇప్పటికీ చూడొచ్చు. కర్నూలులో తుంగభద్ర వంతెన దాటి, హైదరాబాద్ వైపు హైవే మీద వెళ్తూ అలంపూర్ చౌరస్తాలో కుడివైపు తిరగాలి. అందరూ ఆ దారి పట్టేది జోగులాంబ అమ్మవారి కోసం, చాళుక్యుల నాటి నవబ్రహ్మ ఆలయాల కోసం. దర్శనం చేసుకుని, ఫొటోలు దిగి, అన్నం వేళకు కర్నూలు చేరిపోతారు. ఊరికి దగ్గర్లోనే ఉన్న కూడవెల్లి సంగమేశ్వరాలయం దగ్గర ఆగేవాళ్లు తక్కువ. ఆగి చూడాల్సిన గుడి అది. ఎత్తయిన అరుగు మీద, చుట్టూ శిల్పాలతో, పుట్టినప్పటి నుంచీ అక్కడే ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ అది ఆ ఊరిది కాదు. తుంగభద్ర వెళ్లి కృష్ణలో కలిసే కూడవెల్లిలో పదమూడు వందల ఏళ్లకు పైగా ఉండి, ఇక్కడికి ఇల్లు మారి వచ్చింది.

కారణం శ్రీశైలం ప్రాజెక్టు. 1963 జులైలో నెహ్రూ శంకుస్థాపన చేసిన డ్యామ్ 1980ల మొదట్లో పూర్తయింది. నిండుకుండలా 885 అడుగులకు నీళ్లు నిలిస్తే అప్పటి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో నూరుకు పైగా గ్రామాలు మునుగుతాయి. వాటితోపాటు నది గట్టున ఉన్న పాత గుళ్లు కూడా. పురావస్తు శాఖ వాళ్లు ముందే రంగంలోకి దిగారు. గుడి మారే పద్ధతి వింటే మన ప్యాకింగ్ ఏపాటిదనిపిస్తుంది. ముందు ఫొటోలు తీస్తారు, నక్ష గీస్తారు. రాయి రాయికీ నెంబరు వేస్తారు. శిఖరం నుంచి మొదలుపెట్టి పునాది దాకా విప్పుతారు. కొత్తచోట పునాది నుంచి మొదలుపెట్టి శిఖరం దాకా పేరుస్తారు. ఒక్క నెంబరు తారుమారైతే పై వరస కూర్చోదు. వరస తప్పకుండా విప్పాలి, వరస తప్పకుండా కట్టాలి.

అలా పాపనాశి గుళ్ల గుంపు అలంపూర్ పక్కకు వచ్చింది. కొల్లాపూర్ వైపు సోమశిల, జటప్రోలు ఆలయాలు మెరకకు చేరాయి. సంగమేశ్వరం దగ్గరి రూపాల సంగమేశ్వరాలయం కర్నూలు పక్కన జగన్నాథ గట్టెక్కింది. నవబ్రహ్మ ఆలయాలను మాత్రం కదపలేదు. బ్యాక్‌వాటర్ రాకుండా అలంపూర్‌కు అడ్డంగా కట్ట కట్టారు. అయినా 2009 అక్టోబరు వరదకు కర్నూలు, అలంపూర్ రెండూ మునిగాయనుకోండి!

దేవుళ్ల సంగతి సరే. మనుషుల ఇళ్లకు నెంబర్లు వేసినవాళ్లు ఎవరు?

ఇక్కడి పాత ఇళ్లు ఎలా ఉండేవో తెలిస్తేనే ఆ సర్దుడు అర్థమవుతుంది. రాతి గోడలు, మట్టి మిద్దెలు. కప్పు కింద దూలాలు, దంతెలు. ఆ కప్పును మోసేదీ, ఇంట్లో విలువైందీ ఆ కర్రే. కాబట్టి ఇల్లు ఖాళీ చేయడమంటే సామాను బయట పెట్టడం కాదు, ఇంటినే విప్పడం. మిద్దె మీది మట్టి తోడి, దంతెలు దించి, దూలాలు లాగి, తలుపులు ఊడబీకి, ద్వారబంధాన్ని గోడ తవ్వి తీయాలి. పెళ్లయి వచ్చిన నాటి నుంచి పసుపు రాసి బొట్లు పెట్టిన గడప ఆ ద్వారబంధంలో భాగమే. అది కూడా బండెక్కాల్సిందే.

తీసుకెళ్లేవి ఒక పక్క, తీసుకెళ్లలేనివి ఇంకో పక్క. నేలలో పాతిన రోలును తవ్వి తీయొచ్చు. విసుర్రాయిని ఇద్దరు పట్టి ఎత్తొచ్చు. జొన్నలు దాచే పాతరను ఏం చేస్తారు? అది నేలలోని గొయ్యి. గింజలు తోడుకుని గొయ్యిని వదిలేయాలి. బావినీ అంతే. చింతచెట్టునూ, రచ్చకట్టనూ, వాములేసుకునే దొడ్డినీ, పెద్దల సమాధుల్నీ అంతే. ఎనుములూ, ఎద్దులూ నడిచొస్తాయి గానీ వాటికి కొత్తచోట మేత ఎక్కడ? ఇవేవీ ఏ నష్టపరిహారం లెక్కలోనూ సరిగ్గా ఇమడవు.

పైగా తీరిక లేదు. 1981 జూన్‌లో అధికారులు ఊళ్లు ఖాళీ చేయించడానికి ఇళ్ల కూల్చివేత మొదలుపెట్టారు. ఓ గుడిని విప్పడానికి ఉన్న ఓపిక, ఓ మిద్దెను విప్పుకోవడానికి మనుషులకు దొరకలేదు. గుళ్లను కాపాడటం తప్పని ఎవరూ అనరు. పదమూడు వందల ఏళ్ల నాటి రాళ్లు మళ్లీ దొరకవు కదా! అయితే ఆ రాళ్లకు దక్కిన శ్రద్ధలో సగమైనా మనుషులకు దక్కి ఉండాల్సిందని ఇక్కడ ఏ ఊళ్లో అడిగినా చెబుతారు. అది నిజమేననిపిస్తుంది.

ఆ రోజు మూటల్లో చేరిన వాటిలో అన్నిటికన్నా ఎక్కువ కాలం పనికొచ్చింది ఏమిటో తెలుసా? కాగితం! ఇల్లు పోయింది, భూమి పోయింది అని చెప్పే అవార్డు కాగితం. 1986లో ప్రభుత్వం 98వ నెంబరు జీవో ఇచ్చింది. ముంపు కుటుంబాల్లో అర్హులైన ఒక్కొక్కరికి ఉద్యోగమన్నారు. ఆ జీవో ఈ ప్రాంతంలో ఎంత పేరుమోసిందంటే, మనుషుల్ని ‘98 జీవో వాళ్లు’ అని పిలిచే దాకా వెళ్లింది. కొందరికి కాలువల మీద లస్కర్ పోస్టులు వచ్చాయి. చాలామంది ట్రంకుపెట్టెలో కాగితాలు భద్రంగా పెట్టుకుని, ఆఫీసుల చుట్టూ తిరుగుతూనే పెద్దవాళ్లయ్యారు. తండ్రి పేరు మీది కాగితం కొడుకు చేతికి, అక్కడి నుంచి మనవడి చేతికి వచ్చిన ఇళ్లున్నాయి. 2014లో రాష్ట్రం రెండయ్యాక ఒకే నీళ్లలో మునిగిన ఊళ్లవాళ్లు రెండు ప్రభుత్వాలను అడగాల్సి వచ్చింది. ఇల్లు మారేటప్పుడు మనం ముందుగా సర్దుకునేది సర్టిఫికెట్ల ఫైలేగా... ఆ జాగ్రత్త ఎందుకో వీళ్లకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

ఇక బదిలీ కాకుండా నీళ్లలోనే ఉండిపోయిన దేవుడు ఒకరున్నారు. ఆయనే సప్తనదీ సంగమేశ్వరుడు. కృష్ణ, వేణి, తుంగ, భద్ర, భీమరథి, మలాపహారిణి, భవనాశి కలిసే చోటని పేరు. నంద్యాల జిల్లా కొత్తపల్లి మండలంలో ఉంది. అటు సోమశిల నుంచి పడవలోనూ వస్తారు. గర్భగుడిలో వేప మొద్దు లింగం. ధర్మరాజు ప్రతిష్ఠించాడని స్థలపురాణం. ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్లలో నానే కర్ర చెడిపోకపోవడం భక్తులకు మహిమ. జలాశయం తగ్గుతుంటే ముందు శిఖరం బయటపడుతుంది. మట్టం సుమారు 840 అడుగులకు దిగితే గుడి తేలుతుంది. ఒక్కో ఏడాది ముందుగా, ఒక్కో ఏడాది ఆలస్యంగా. వెళ్లాలనుకుంటే ఫిబ్రవరి నుంచి పేపర్లో డ్యామ్ నీటిమట్టం చూస్తూ ఉండండి. పిల్లల్ని తీసుకెళ్తే పడవలో లైఫ్ జాకెట్ అడిగి తీసుకోండి. నీడ తక్కువ, తాగేనీళ్లు వెంట ఉంచుకోండి.

పైనుంచి వరద మొదలైందంటే పూజారి తొందరపడాలి. గర్భగుడిలోకి నీళ్లు రాకముందే గంట, దీపపు కుందులు, హారతి పళ్లెం గట్టుకు చేర్చుకోవాలి. ఆ తర్వాత పూజలు శిఖరానికే, అదీ కనిపించినన్నాళ్లే. మళ్లీ ఎండాకాలం నీళ్లు తగ్గగానే లోపలి బురద తోడి, గోడలు కడిగి, ఆ సామానంతా తిరిగి తెచ్చుకోవాలి.