పొలమారితే తలుచుకున్నట్టు కాదు

ఈ గ్రూపులో రెండేళ్లుగా చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే అన్నలు, అక్కలు సర్దుకోండి.

మాది పాడేరు వైపు కొండ మీద ఊరు. మా ఇంట్లో కాలేజీకి వచ్చింది నేనే మొదలు. డిగ్రీ రెండో ఏడు, హాస్టల్లో ఉంటున్నా. పోయినేడు వానాకాలంలో మా అయ్యకి పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, కాలు పడిపోయాయి, మూతి వంకర పోయింది. పెద్దాసుపత్రిలో పది రోజులున్నాం. కర్ర పట్టుకుని నడిచే ఇంటికొచ్చాడు. మాట కూడా వచ్చింది. గండం గడిచింది అనుకుని నేను హాస్టల్‌కి వచ్చేశా.

రాత్రి ఫోన్ చేస్తే వెనకాల అయ్య దగ్గు వినిపించేది. "అన్నం తింటుంటే పొలమారింది. నువ్వు తలుచుకున్నావు కాబోలు" అని అమ్మ నవ్వేది. "అవునమ్మా, నేనే" అని నేనూ నవ్వేదాన్ని. నిజం చెప్పాలంటే ఆ దగ్గు వింటే నాకు సంతోషంగా ఉండేది. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు పాడవుతుంది.

నెల తిరిగేసరికి జ్వరం, ఆయాసం. ఊపిరితిత్తుల్లో నిమ్ము అన్నారు. తగ్గింది. రెండు నెలలకి మళ్లీ నిమ్ము. ఈసారి ఒక డాక్టరమ్మ "తినేటప్పుడు, తాగేటప్పుడు దగ్గుతాడా?" అని అడిగింది. అంతకుముందు ఆ మాట ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. ఆవిడ స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి పంపింది. మాట బాగానే ఉంది కదా, అక్కడికెందుకు అనుకున్నా. మింగడం చూసేది కూడా వాళ్లేనట.

గొంతులో గాలి దారి, తిండి దారి పక్కపక్కనే ఉంటాయి. మింగే క్షణంలో గాలి దారి మూసుకోవాలి. పక్షవాతం తర్వాత కొందరికి అది ఆలస్యమవుతుంది. నీళ్లు పల్చన కాబట్టి, మూసుకునేలోపే జారి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మనం ముద్ద కష్టం, నీళ్లు తేలిక అనుకుంటాం. అయ్యకి అది తిరగబడింది. కొందరికి దగ్గు కూడా రాదట. తిన్నాక గొంతు గురగురలాడటం, మళ్లీ మళ్లీ జ్వరం రావడం, బరువు తగ్గడం, ఇవే గుర్తులు.

మా అయ్యకి పొద్దున్నే చోడి అంబలి పడాలి. అందులో మేం బియ్యం నూకలు వేస్తాం. పల్చనిది ముందే జారిపోతుంది, నూక నోట్లోనే ఉండిపోతుంది. అలా రెండూ కలిసినది ఇంకా కష్టమని ఆవిడ చెప్పింది. "అయితే అంబలి మానెయ్యాలా?" అని అయ్య చిన్నపిల్లాడిలా అడిగాడు. "ఎందుకు మానడం? నూక వెయ్యకుండా చిక్కగా కాయండి" అంది. స్పూన్ వంచితే నీళ్లలా కారకూడదు, జిగురులా అతుక్కోకూడదు, ముద్దగా జారాలి. అదీ కొలత.

మా ఇంట్లో మిక్సీ లేదు. అమ్మ రాజ్మా మెత్తగా ఉడకబెట్టి, పప్పుగుత్తితో మెదిపి, జల్లెడలో నొక్కి తొక్క తీసేస్తుంది. గుమ్మడికాయ, బొప్పాయి, అరటిపండు కూడా అలాగే మెదుపుతుంది. మెత్తటివి తిన్నా బలం రావాలని పప్పు, గుడ్డు, నెయ్యి ఏదో ఒకటి కలుపుతుంది. తాగే నీళ్లు కూడా ఆవిడ చెప్పినట్టు చిక్క చేసే ఇస్తాం. భయపడి నీళ్లే మానేస్తే అదో ప్రమాదం. ఇంకో సంగతి, ఎంగిలి స్పూన్ గిన్నెలో పెట్టకూడదు. ఉమ్మి తగిలితే అంబలి మళ్లీ పల్చబడిపోతుంది.

తినేటప్పుడు నిటారుగా కూర్చోవాలి. చిన్న స్పూన్, ఒక్కో ముద్ద. మింగేదాకా ఎవరూ మాట్లాడించకూడదు. పడిపోయిన వైపు బుగ్గలో మెతుకు ఉండిపోయిందేమో చూడాలి. తిన్నాక అరగంట పడుకోకూడదు, నోరు శుభ్రం చెయ్యాలి. మాత్రలు నలిపి ఇవ్వొచ్చా లేదా అన్నది డాక్టర్నే అడగాలి, కొన్ని నలపకూడదు.

ఇవన్నీ నేర్చుకున్నా ఒకటి మిగిలింది, సిగ్గు. ఇటుకల పండగకి చుట్టాలందరూ వస్తే అయ్య పంక్తిలోకి రానన్నాడు. "పసిపిల్లల తిండి పట్టుకుని నలుగురిలో ఎలా కూర్చోను?" అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు. తన గిన్నెలోనూ అదే చిక్కటి అంబలి, అదే మెదిపిన గుమ్మడికాయ పెట్టుకుని పక్కన కూర్చుంది. నేనూ అదే పెట్టుకున్నా. అయ్య కాసేపు చూసి స్పూన్ తీసుకున్నాడు. అందరూ లేచిపోయారు, మేం ముగ్గురం చివర్న లేచాం. ఒక్కసారి కూడా దగ్గలేదు.

మీ ఇళ్లలో పక్షవాతం వచ్చిన తాతలో, అవ్వలో ఉంటే, ఈసారి సెలవులకి వెళ్లినప్పుడు పక్కన కూర్చుని తినేటప్పుడు చూడండి. దగ్గితే నవ్వి వదలకండి, చూపించండి. మా అయ్యకి చెప్పిన చిక్కదనమే మీవాళ్లకి సరిపోతుందని లేదు, చూసినవాళ్లే చెప్పాలి.

ఇప్పుడు ఫోన్లో అమ్మ "తలుచుకున్నావా" అని అడగదు. "ఇవాళ ఎన్నిసార్లు దగ్గాడు?" అని నేనే అడుగుతా. తలుచుకోవడం మాత్రం రోజూ తలుచుకుంటూనే ఉన్నా.