శివరాత్రికి నల్లమల నడక: బండి ఎక్కడ పెట్టాలి, రాత్రి ఎక్కడ పడుకోవాలి?

(విజువల్: వెంకటాపురం ఊరి చివర, తెల్లవారుజాము. నెత్తిన మూటలు, భుజాన సంచులతో అడవి దారి పట్టిన జనం.)

ఇది నంద్యాల జిల్లా ఆత్మకూరు దగ్గరున్న వెంకటాపురం. ఆత్మకూరు నుంచి శ్రీశైలానికి బస్సెక్కితే దోర్నాల మీదుగా చుట్టూ తిరిగి 100 కిలోమీటర్లకు పైనే. ఈ వెళ్తున్న జనం మాత్రం నల్లమలకు అడ్డంపడి, 40 కిలోమీటర్లు అటూఇటూగా నడిచి నేరుగా మల్లన్న గుడి దగ్గర తేలతారు.

దారి గురించి, దేవుడి గురించి చెప్పే వీడియోలు బోలెడు ఉన్నాయి. కామెంట్లలో మీరు అడిగేవి మాత్రం ఎప్పుడూ రెండే. "అన్నా, బండి ఎక్కడ పెట్టాలి?" "రాత్రి ఎక్కడ పడుకోవాలి?" ఈ వీడియో మొత్తం ఆ రెండింటి మీదే.

(స్క్రీన్ మీద మ్యాప్: ఆత్మకూరు – వెంకటాపురం – నాగలూటి – పెచ్చెరువు – మఠంబావి – భీముని కొలను – కైలాసద్వారం – శ్రీశైలం.)

ముందు మ్యాప్ ఒకసారి చూడండి. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. తిరుమల మెట్లెక్కితే దిగేది కూడా తిరుపతికే కాబట్టి బండి కింద పెట్టి నిశ్చింతగా ఎక్కొచ్చు. ఇక్కడ నడక మొదలయ్యేది అడవికి ఈ పక్క, ముగిసేది ఆ పక్క. కాళ్లు కదలనంటున్నప్పుడు బండి కోసం మళ్లీ అడవిలోకి రాలేం కదా!

(విజువల్: శనగ కోసేసిన చేలో వరసగా నిలిపిన కార్లు, ఆటోలు, ట్రాక్టర్లు. ఒక కుర్రాడు చీటీ రాసి ఇస్తున్నాడు.)

శివరాత్రి ముందు రోజుల్లో ఊరి చుట్టూ ఉన్న ఖాళీ చేలన్నీ ఇలాగే పార్కింగ్ అయిపోతాయి. శనగ పంట అప్పటికే ఇంటికి చేరి ఉంటుంది, చేను ఖాళీ. పెట్టేటప్పుడు రెండు విషయాలు గమనించండి. మొదటిది, గట్టు పక్కన కాకుండా దారివైపు ముఖం తిప్పి పెట్టండి. తెల్లారేసరికి మీ వెనక ఇంకో నాలుగు వరసలు పడతాయి. రెండోది, ఎండిన మోళ్ల మీద వేడి సైలెన్సర్ ఆనేలా బండి నిలపొద్దు. చెత్త అంటుకుంటే ఒక్క కారుతో పోదు.

చీటీ రాసే కుర్రాడిని అడిగాను, "తిరిగి ఎప్పుడొస్తారు వీళ్లంతా?" అని.

"చెప్పలేమన్నా. కొందరు మర్నాడే బస్సుకొస్తారు. కొందరు తేరు చూసుకొని వస్తారు. ఆలస్యమైతే చేను దున్నడానికి మానాయన ఈడ నిలబడి ఉంటాడు."

కాబట్టి చేను యజమానితో ఎప్పుడొస్తారో ముందే చెప్పండి, ఫోన్ నంబరు ఇచ్చి వెళ్లండి. పార్కింగ్ మర్యాదల్లో ఇది మొదటిది.

నన్నడిగితే మాత్రం కారు అసలు తేకండి. కర్నూలు నుంచి శ్రీశైలం వెళ్లే ఆర్టీసీ బస్సులు ఆత్మకూరు మీదుగానే పోతాయి. హైదరాబాద్ వాళ్లు కర్నూలు వరకు వచ్చి బస్సు మారొచ్చు. ఆత్మకూరులో దిగితే వెంకటాపురానికి ఆటోలు దొరుకుతాయి. మొక్కు తీరాక శ్రీశైలంలో బస్సెక్కి నేరుగా ఇంటికి పోవచ్చు. బృందంగా వస్తే ఇంకో దారి ఉంది. నడవలేని పెద్దాయన ఒకరు, డ్రైవరు ఒకరు వ్యాన్లో దోర్నాల మీదుగా శ్రీశైలం చేరుకుంటారు, మిగతావాళ్లు నడుస్తారు. పల్లెల నుంచి వచ్చే బృందాలు చాలా ఏళ్లుగా చేస్తున్నది ఇదే. బియ్యం, వంట సామాను, బట్టల పెట్టెలు వ్యాన్లో పోతాయి. భుజం మీద మంచినీళ్లు, ఇరుముడి తప్ప ఏమీ ఉండదు.

(విజువల్: అటవీశాఖ చెక్‌పోస్టు. సంచులు వెతికి ప్లాస్టిక్ కవర్లు తీసి పక్కన పడేస్తున్న సిబ్బంది.)

ఇక్కడి నుంచి అడవి. ఇది నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వ్. మామూలు రోజుల్లో ఈ దారిలో మనకు ప్రవేశం లేదు. శివరాత్రికి, ఉగాదికి మాత్రమే తెరుస్తారు. అగ్గిపెట్టె, బీడీ, సిగరెట్, ప్లాస్టిక్ కుదరదు. డ్రోన్ సంగతి చెప్పనక్కర్లేదు, అందుకే ఈ వీడియోలో పైనుంచి తీసిన షాట్ ఒక్కటీ ఉండదు. ఫిబ్రవరి అంటే ఆకు రాలే కాలం. దారి పొడుగునా ఎండుటాకు మోకాలి మందాన పడి ఉంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు.

(విజువల్: నాగలూటి. వీరభద్రస్వామి గుడి, పక్కన కోనేరు.)

మొదటి మజిలీ నాగలూటి. పొద్దున్నే బయల్దేరితే ఎండ ముదరకముందే చేరొచ్చు. ఇది వీరభద్రస్వామి గుడి, విజయనగర కాలపు కట్టడం. పక్కనే కోనేరు. చాలామంది దణ్ణం పెట్టుకుని ముందుకు పోతారు, కానీ ఒక్క నిమిషం ఆగి చుట్టూ చూడండి. ఎండకు నీడ, దాహానికి నీళ్లు, రాత్రి తల దాచుకోవడానికి మండపం. అడవి మధ్యలో ఇవన్నీ ఒకేచోట ఎందుకున్నాయి? యాత్రికులు ఆగుతారని. ఈ రోజు మనం క్యాంపింగ్ అంటున్న ఏర్పాటు ఈ దారిలో కొన్ని వందల ఏళ్ల కిందటే ఉంది. ఎంత దూరం నడిస్తే మనిషికి దాహమేస్తుందో, ఎక్కడ కాళ్లు మొరాయిస్తాయో కొలిచి మరీ కట్టినట్టుంటాయి. ముందు వచ్చే మఠంబావి కూడా ఆ కోవలోదే.

ఇప్పుడు ఆ పాత మజిలీల దగ్గరే కొత్త ఏర్పాట్లు వచ్చాయి. షామియానాలు, నీళ్ల ట్యాంకర్లు, మెడికల్ క్యాంపు, దాతల అన్నదానం. పులిహోర, ఉప్మా, సాంబారన్నం ఏది దొరికితే అది. విస్తరాకు మీ చేత్తోనే తీసుకెళ్లి గుంటలో వేయండి.

(విజువల్: పెచ్చెరువు, సాయంత్రం. చెట్ల మధ్య కట్టిన టార్పాలిన్లు, వరసగా పరిచిన పట్టలు.)

అసలు రాత్రి ఇక్కడ. పెచ్చెరువు. పేరుకు తగ్గట్టే చెరువు ఉంది, పక్కన చెంచుల గూడెం ఉంది. మనం వాళ్ల వాకిట్లో పడుకుంటున్నామన్న సంగతి మర్చిపోవద్దు. వాళ్ల పొయ్యి కట్టెలు, కుండలు ముట్టుకోవద్దు. చెరువులో సబ్బు పెట్టి స్నానం చేయొద్దు. ఆ నీళ్లు వాళ్లవి, అడవి జంతువులవి.

చోటు ఎలా ఎంచుకోవాలి? చెప్తాను చూడండి. షామియానా కింద మధ్యలో పడుకుంటే మంచు పడదు, కానీ రాత్రంతా ఎవరో ఒకరు మీ కాళ్లు తొక్కుతూనే ఉంటారు. నీళ్ల ట్యాంకరు పక్కన సుఖంగా ఉంటుందనిపిస్తుంది, అర్ధరాత్రికి అక్కడంతా బురద. జనరేటర్ దగ్గరైతే నిద్రే పట్టదు. షామియానాకు అంచున, దారికి పది అడుగులు లోపల, జనం మధ్యలోనే ఉండేలా చూసుకోండి. దీపాల వెలుగు దాటి చెట్లలోకి మాత్రం పోవద్దు. ఇది పులులు, ఎలుగుబంట్లు తిరిగే అడవి.

(క్లోజప్: నేలలోకి దిగక వంగిపోయిన టెంట్ మేకు.)

ఇది చూశారా? సిటీ నుంచి వచ్చిన తమ్ముళ్లు టెంట్ తెచ్చారు. నేలంతా రాళ్లు. మేకు దిగలేదు, వంగిపోయింది. చివరికి రాళ్లు మూటగట్టి తాళ్లకు వేలాడదీశారు. ఆ ఒక్క టెంట్ వేసిన చోట ఐదుగురు హాయిగా పడుకోవచ్చు. పక్కనే పట్ట పరుచుకున్న ఎమ్మిగనూరు పెద్దాయన నవ్వుతూ అన్నాడు, "ఇల్లు మోసుకొస్తిరి కదప్పా! దేవుడి కాడికి పోయేటోనికి పట్ట చాలదా?"

ఆయన మాటే నా మాట. టెంట్ వద్దు. ఒక టార్పాలిన్ పట్ట, దళసరి దుప్పటి, చెవులకు మఫ్లర్. పగలు చెమటలు కక్కించే ఈ అడవే తెల్లవారుజామున వణికిస్తుంది. తలకట్టు టార్చి, పవర్ బ్యాంక్, స్టీలు సీసా, కొబ్బరినూనె. బొబ్బలెక్కితే పిన్నుతో పొడవొద్దు, మెడికల్ క్యాంపుకి పోండి. ఫోన్ సిగ్నల్ ఉండదు. కాబట్టి తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో బృందమంతా పొద్దున్నే మాట్లాడుకోండి. "కైలాసద్వారం మెట్ల పైన, కుడిచేతి వైపు" అని చెప్పుకుంటే చాలు.

ఇక ఎవరూ వీడియోలో చెప్పని విషయం. మరుగుదొడ్లు. మగవాళ్లు ఏదో ఒకలా నెట్టుకొస్తారు. ఆడవాళ్ల అవస్థ అంతా ఇంతా కాదు. తాత్కాలిక మరుగుదొడ్లు పెడుతున్నారు గానీ ఇంతమందికి అవి ఏ మూలకూ రావు, నీళ్లు అయిపోతే తలుపులు మూసేసినట్టే. ఆడవాళ్లున్న బృందాలు పెచ్చెరువుకు వెలుతురు ఉండగానే చేరండి, పొద్దున్న జనం లేవకముందే లేవండి, ఒక్కరే పోకండి. అన్నదానానికి ముందుకొచ్చే దాతలు వచ్చే ఏడాది ఒక వరస మరుగుదొడ్లకు, వాటికి నీళ్లు పట్టే ట్యాంకరుకు డబ్బిస్తే ఆ పుణ్యం అన్నదానానికి తీసిపోదు.

(విజువల్: భీముని కొలను. లోయలోకి దిగే రాతి మెట్లు, ఎదురుగా కొండకు ఎక్కే మెట్లు. "చేదుకో మల్లన్నా" కేకలు.)

పొద్దున్నే మఠంబావి దాటాక భీముని కొలను. లోయ లోతుకు దిగాలి, మళ్లీ అంతా ఎక్కాలి. దారి మొత్తంలో మోకాళ్లకు పరీక్ష ఇదే. ఈ రాతి మెట్ల మీద అడుగు పెట్టేటప్పుడు ఒక పేరు తలుచుకోండి. 14వ శతాబ్దంలో అద్దంకి రాజధానిగా ఏలిన ప్రోలయ వేమారెడ్డి. శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించిన రాజుగా చరిత్ర ఆయన్ని గుర్తుపెట్టుకుంది. ఈ మెట్లు కూడా రెడ్డిరాజుల నాటివేనని ఇక్కడ చెబుతారు. దిగేటప్పుడు ఆత్రపడొద్దు. కర్ర ఒకటి చేతిలో ఉండాలి. చెప్పుల్లేకుండా నడిచేవాళ్లు ఎండెక్కకముందే ఇది దాటేయాలి, తర్వాత రాయి కాలుతుంది.

(విజువల్: కైలాసద్వారం. షామియానాల కింద కాళ్లు చాపుకుని కూర్చున్న జనం. తర్వాత హఠకేశ్వరం వైపు తారురోడ్డు, కిలోమీటర్ల కొద్దీ వాహనాలు.)

కైలాసద్వారం చేరితే గండం గడిచినట్టే. మళ్లీ నీళ్లు, అన్నం, వైద్యం. ఇక్కడి నుంచి హఠకేశ్వరం మీదుగా శ్రీశైలం. అడవిలో ఇంతసేపూ ఎవరూ ఎవరినీ తోసుకోలేదు. తారురోడ్డు ఎక్కగానే హారన్లు మొదలు!

శ్రీశైలంలో బ్రహ్మోత్సవాలు 11 రోజులు. శివరాత్రి దగ్గరపడేకొద్దీ ఘాట్ రోడ్డు మీద బండి నడవడం కంటే ఆగడమే ఎక్కువ. యజ్ఞవాటిక, ఆగమ పాఠశాల, వలయ రహదారి, ఇలా ఊరి అంచున పార్కింగ్ స్థలాలు కేటాయిస్తారు. అక్కడి నుంచి గుడికి నడకో, దేవస్థానం బస్సో. స్థలాలు ఏటేటా కాస్త అటూఇటూ మారుతుంటాయి కాబట్టి దేవస్థానం ప్రకటన చూసుకుని బయల్దేరండి. మీ వ్యాను వస్తుంటే డ్రైవరుకు ఈ మూడు మాటలు చెప్పండి. శివరాత్రి రోజున కాదు, రెండు రోజుల ముందే వచ్చి స్థలం పట్టుకో. బండి పక్కనున్న బోర్డో, కరెంటు స్తంభం నంబరో ఫోటో తీసుకో, జనంలో ఫోన్ కలవకపోవచ్చు. ఘాట్‌లో రోడ్డు పక్కన మాత్రం ఆపొద్దు. అంబులెన్సు పోవాల్సిన దారీ అదే.

ఒక తేడా గమనించారా? అడవిలో పడుకునే ఏర్పాటుకు మనకు ఆరొందల ఏళ్ల అనుభవం ఉంది. బావి, కోనేరు, మండపం, మెట్లు, అన్నం పెట్టే చేతులు, అన్నీ కుదిరిపోయాయి. కారు నిన్నగాక మొన్న వచ్చింది. దానికి మజిలీ కట్టిన రాజు లేడు, కట్టడానికి కొండ మీద చోటూ లేదు. ఎన్ని పార్కింగ్ స్థలాలు తెరిచినా కార్లు అంతకు మించే వస్తాయి. ఈ లెక్క తేలే దారి ఒక్కటే, కార్లు తగ్గడం.

(విజువల్: ఉగాదికి వచ్చే కన్నడ యాత్రికులు, కట్టెకాళ్ల మీద నడుస్తున్న ఒక భక్తుడు.)

ఇవి ఉగాదికి తీసిన దృశ్యాలు. కర్ణాటక నుంచి వేలమంది ఇదే దారిలో వస్తారు. భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా, మల్లన్నను అల్లుడిగా చూసుకుంటారు. కొందరు కట్టెకాళ్ల మీద కూడా నడిచి వస్తారు. మూటలో జొన్నరొట్టెలు, పల్లీల పొడి. వాళ్లలో చాలామంది ఇంటి దగ్గర మొదలుపెట్టిన నడక ఇది, పార్కింగ్ గొడవే లేదు. ఉగాదికి ఎండ ముదురుతుంది కాబట్టి మీరూ అప్పుడు నడవాలనుకుంటే నీళ్లు రెట్టింపు పెట్టుకోండి, తెల్లవారకముందే లేవండి.

ఇదీ సంగతి. ఈసారి శివరాత్రికి బయల్దేరేవాళ్లకు నా విన్నపం ఇది. కారు ఇంట్లో ఉంచండి, ఆత్మకూరు వరకు బస్సులో రండి, ఒక పట్ట, ఒక దుప్పటి, ఒక స్టీలు సీసా తెచ్చుకోండి. తెచ్చిన చెత్త తెచ్చినట్టే వెనక్కి తీసుకెళ్లండి. వీడియో ఉపయోగపడితే మీ ఊరి బృందం వాట్సాప్ గ్రూపులో పెట్టండి, ముఖ్యంగా బండి తాళాలు ఎవరి దగ్గరుంటాయో వాళ్లకు పంపండి. శంభో శంకర!