లేని తెర

నిన్న రాసిన అధ్యాయం దిద్దుకుందామని కంప్యూటరు ముందు కూర్చున్నానా, ఫైలు తెరుచుకున్నట్టే ఉంది గాని విండో జాడ లేదు! 30 పేజీలండీ! బెజవాడ ఎండలోనూ ఒళ్లు చల్లబడింది.

మాది లినక్స్. 1991లో ఫిన్లండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిన సరుకు. ఇంట్లో దాని మర్మాలు తెలిసింది మా అమ్మాయి ఒక్కర్తే. అదేమో చదువుకని మొన్ననే హైదరాబాదు వెళ్లింది, తన రెండో తెరను కూడా పట్టుకుని.

ఫోను చేశాను.

"సెట్టింగ్స్‌లో డిస్‌ప్లేస్ చూడమ్మా. ఎన్ని తెరలున్నాయి?"

"రెండు."

"అదీ సంగతి! నా తెర ఇంకా ఉందనుకుని నీ అధ్యాయాన్ని అక్కడ పరిచింది. సూపర్, షిఫ్ట్, ఎడమ బాణం కలిపి నొక్కు."

నొక్కాను. అధ్యాయం బుద్ధిగా వచ్చి ఎదుట నిలబడింది. అమ్మయ్య!

"వెనకాల నా అడాప్టరు మర్చిపోయానేమో చూడు. దాన్ని చూసే తెర ఉందని భ్రమపడుతోంది. పీకెయ్."

పీకేశాను. మనిషి వెళ్లి పదిరోజులైనా తెలుసుకోలేని మొద్దు యంత్రమని నవ్వుకుంటూ వంటింట్లోకి వెళ్లాను. దివిసీమ నుంచి అత్తయ్యగారు పంపిన బియ్యం, రోజూలాగే మూడు గ్లాసులు పోసి కడిగేశాను.

తినేది ఇద్దరం.

ఇక ఆ యంత్రాన్ని ఏమీ అనబుద్ధి కాలేదు.